ట్రైకేర్ నెట్‌వర్క్‌లో లేని షాపులో మందులు కొంటే డబ్బు తిరిగి రాబట్టుకోవడం ఎలా?

అమెరికా సైనిక కుటుంబాలకు, రిటైరైనవాళ్లకు మందుల ఖర్చు భరించేది ట్రైకేర్. దాని ఫార్మసీ నెట్‌వర్క్‌ను ఎక్స్‌ప్రెస్ స్క్రిప్ట్స్ అనే కంపెనీ నడుపుతుంది. 2022 అక్టోబరులో దాదాపు 15 వేల ఫార్మసీలు ఆ నెట్‌వర్క్‌కు దూరమయ్యాయి. వాటిలో ఎక్కువ సొంతంగా నడుపుకునే చిన్న షాపులే. ఆ కంపెనీ తమకిచ్చే రేటు మందు కొన్న ధరకే చాలదని వాటి యజమానులు మొత్తుకున్నారు.

1. కొనేముందు ఆ షాపు నెట్‌వర్క్‌లో ఉందో లేదో ఎక్స్‌ప్రెస్ స్క్రిప్ట్స్ సైట్‌లో చూడండి. సైనిక ఆసుపత్రి ఫార్మసీలో మందులు ఉచితం. నెట్‌వర్క్ షాపులో 30 రోజుల జెనరిక్‌కు 16 డాలర్లు, జాబితాలోని బ్రాండ్ మందుకు 48 (2026 రేట్లు). ఇంటికి తెప్పించుకుంటే 90 రోజులకు 14, 44. సర్వీసులో ఉన్న సైనికుడికి ఈ ఛార్జీలేవీ ఉండవు.

2. వేరే దారి లేక బయట కొంటే మొత్తం సొమ్ము ముందు మీరే కట్టాలి. సర్వీసులో ఉన్న సైనికుడికి తప్ప, క్లెయిమ్ చేసినా అంతా తిరిగి రాదు. ట్రైకేర్ ప్రైమ్ అనే ప్లాన్‌లో ఉన్న కుటుంబాలకైతే ముందు డిడక్టిబుల్ (ట్రైకేర్ ఇవ్వడం మొదలుపెట్టేముందు మీరే భరించాల్సిన మొత్తం), ఆ తర్వాత కూడా సగం ఖర్చు మీదే.

3. క్లెయిమ్‌లు చెల్లకుండా వెనక్కి వచ్చేది ఎక్కువగా రశీదు దగ్గరే. కార్డు గీకినప్పుడు వచ్చే చిన్న చీటీ పనికిరాదు. మందు సంచికి పిన్ను కొట్టి ఇచ్చే పొడవాటి కాగితం దాచండి. రోగి పేరు, మందు పేరు, మోతాదు, ఎన్ని మాత్రలు, ఎన్ని రోజులకు, ఎన్‌డీసీ నంబరు (అమెరికాలో ప్రతి మందుకూ ఉండే గుర్తింపు సంఖ్య), ప్రిస్క్రిప్షన్ నంబరు, రాసిన డాక్టరు, కొన్న తేదీ, ధర, షాపు చిరునామా అన్నీ అందులో ఉండాలి. ఏది లేకపోయినా కౌంటర్ దగ్గరే మళ్లీ ప్రింట్ అడగండి. నెల తర్వాత వెళ్లి అడగడం కంటే అదే సులువు.

4. క్లెయిమ్ కోసం డీడీ ఫారం 2642 నింపి, సంతకం పెట్టి పంపండి. సంతకం మరిచిన ఫారం నేరుగా వెనక్కి వస్తుంది. వేరే ఇన్సూరెన్స్ ఉంటే ముందు దానికి క్లెయిమ్ చేసి, వాళ్లు ఎంత ఇచ్చారో తెలిపే కాగితం జతచేయాలి. కొన్న రోజు నుంచి ఏడాది గడువు. అన్నిటికీ జిరాక్స్ తీసి పెట్టుకోండి.

5. సెలవుల్లో హైదరాబాదో విజయవాడో వచ్చి కొన్నారా? గడువు మూడేళ్లు. కానీ మన దగ్గర డాక్టరు చీటీ లేకుండానే మందులిచ్చే షాపులు చాలా. అలా కొన్నవి క్లెయిమ్‌కు చెల్లవు. డాక్టరు రాసిన చీటీ, షాపు బిల్లు, డబ్బు కట్టినట్టు కార్డు లేదా బ్యాంకు ఆధారం మూడూ ఉంచండి. విదేశీ క్లెయిమ్‌లు వేరే చిరునామాకు వెళ్తాయి. ట్రైకేర్ సైట్‌లో చూసుకోండి.

6. మీ ఊరి షాపు మళ్లీ నెట్‌వర్క్‌లోకి రావాలంటే క్లెయిమ్‌లు చాలవు. రోగి కట్టే పైన చెప్పిన రేట్లు 2018 రక్షణ చట్టంలో 2027 దాకా అంకెలతో సహా రాసి ఉన్నాయి. షాపుకు ఎంత ముట్టాలన్నది మాత్రం కాంట్రాక్టులో తేలుతుంది. ఈ తేడాను సరిచేయాల్సింది కాంగ్రెస్, అంటే హౌస్, సెనేట్ అనే రెండు సభలున్న అమెరికా చట్టసభ. ఏటా వచ్చే రక్షణ బిల్లు హౌస్, సెనేట్ సాయుధ దళాల కమిటీల్లో తయారవుతుంది కనుక, అది తేలకముందే మీ ప్రతినిధికి రాయండి. ఒక పేజీ చాలు: మందు, పాత షాపు, కొత్త షాపుకు ఎన్ని మైళ్లు, ఎన్ని రోజులు మందు లేకుండా గడిచింది. మీ క్లెయిమ్ గురించి కూడా వాకబు చేయమంటే ప్రైవసీ రిలీజ్ ఫారం మీద సంతకం చేసివ్వాలి. అది లేకుండా ఆ ఆఫీసు మీ తరఫున ఏమీ అడగలేదు.