గుండుకూ గుండుకూ మధ్య మజిల్ లోడర్‌ను తుడిచే పద్ధతి

మూతి నుంచి మందు పోసి దట్టించే రైఫిల్ మొదట గురి చూసిన చోటనే కొట్టి, నాలుగైదు గుండ్ల తరువాత చెదరగొడుతున్నదంటే, దోషం చాలావరకు గొట్టంలో పేరుకున్న మసిదే. 75 పాళ్లు సూరేకారం, 15 పాళ్లు బొగ్గు, 10 పాళ్లు గంధకం కలిసిన తుపాకి మందు కాలినప్పుడు బరువులో సగానికి పైగా ఘనపదార్థంగానే మిగులుతుంది. అది గొట్టం లోపలి గాడులను పట్టుకొని గుండుగుండుకూ దళసరి అవుతుంది కనుక, తరువాతి గుండు బిగుతుగా దిగుతుంది. మందు మీద పడే ఒత్తిడీ, గుండు వేగమూ మారిపోతాయి.

అందువల్ల ప్రతి గుండు తరువాత తుడవాలి. కాసేపు ఆగి, మూతిని మనుషులూ పశువులూ లేని దిక్కుకు ఉంచి, ముఖం దానికి ఎదురుగా రాకుండా నిలబడాలి. పాత నూలు ధోవతి నుంచి కత్తిరించిన గుడ్డముక్కను నీటితో తడిపి, చుక్క రాలనంతగా పిండి, కడ్డీ చివరనున్న జాగ్‌కు (గుడ్డను పట్టి ఉంచే గాళ్ల లోహపు మొనకు) ఆనించి, నెమ్మదిగా అడుగు దాకా ఒకే ఊపులో దించి, ఒకే ఊపులో పైకి లాగాలి. గుడ్డ మరీ బిగుతైతే మసినంతా నిప్పు వచ్చే రంధ్రం వైపు నెట్టుకుపోతుంది. కొద్దిగా వదులుగా ఉన్న గుడ్డ దిగేటప్పుడు మసి మీదుగా జారి, తిరిగి వచ్చేటప్పుడు ముడతపడి దానిని వెంట లాక్కొస్తుంది. చాలామంది పట్టించుకోనిది ఈ కొలతనే. తరువాత గుడ్డను తిప్పి రెండో వైపుతో ఒకసారి, పొడి గుడ్డతో మరోసారి తుడవాలి. అడుగున తడి మిగిలితే మందు అంటుకోదు. మందు పోయకముందే, ఖాళీ గొట్టం మీద ఒక క్యాప్ (దెబ్బ తగిలితే నిప్పు రగిలించే చిన్న లోహపు టోపీ) పేల్చితే, ఆ క్యాప్‌ను తొడిగే నిపుల్ అనే చిన్న మొన నుంచి నిప్పు వచ్చే దారి తెరుచుకుంటుంది.

తడి గుడ్డ గొట్టంలో మిగిలిన నిప్పు కణికను ఆర్పుతుంది. అయినా మందును డబ్బా నుంచి నేరుగా పోయరాదు, విడి కొలతలోకి తీసుకొనే పోయాలి.

తడి ఎంత ఉండాలన్నది కాలాన్ని బట్టి మారుతుంది. ఎండ 40 డిగ్రీలు దాటే నల్లగొండ, మహబూబ్‌నగర్ వేసవి మధ్యాహ్నాలలో మసి ఎండి పెంకు కడుతుంది కనుక గుడ్డకు తడి కాస్త పెంచాలి. వానాకాలంలో అదే మసి గాలిలోని తేమను పీల్చి మెత్తబడుతుంది. అప్పుడు పొడి గుడ్డ ఒకటి ఎక్కువ వాడడం మేలు. అయితే ఆ పూట ఎన్నుకున్న పద్ధతిని చివరి గుండు దాకా మార్చరాదు, ఎందుకంటే గురి నిలిచేది గొట్టం మెరుపుతో కాదు, ప్రతిసారీ ఒకే స్థితిలో ఉండడంతో.

గుండుకు చుట్టే గుడ్డకు యంత్రాల నూనె రాస్తే మసి తారులా అంటుకుంటుంది. తేనెమైనంలో వంటనూనె కలిపి రాయడం మంచిది. నల్లమల అంచున అచ్చంపేట వైపు ఉండేవారికి తేనెమైనం కొత్త వస్తువు కాదు. గుండు పూర్తిగా దిగినప్పుడు కడ్డీ మీద మూతి దగ్గర ఒక గీత పెట్టుకోవాలి. ఆ గీత పైకి కనిపిస్తే గుండుకూ మందుకూ మధ్య సందు ఉన్నట్లే. అలా పేల్చితే గొట్టం పగిలే ప్రమాదం ఉంది.

పంట రక్షణకు లైసెన్సు ఉన్నంత మాత్రాన అడవి పందిని కాల్చే హక్కు రాదు, దానికి వేరే అనుమతి కావాలి. ఏ పనికి వాడినా, అదే రోజు వేడినీళ్లు, సబ్బుతో గొట్టాన్ని కడిగి, బాగా ఆరబెట్టి, పలుచగా నూనె పట్టించాలి. మళ్లీ మందు పోసే ముందు ఆ నూనెను పొడి గుడ్డతో పూర్తిగా తుడిచివేయాలి.