చలికాలంలో చినూక్ సాల్మన్‌కు ట్రోలింగ్ ఎలా చేయాలి?

చలికాలంలో దొరికే చినూక్ ఎక్కువగా ఇంకా ఈడుకు రాని చేప. కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో దీన్ని ఫీడర్ అంటారు. చిగుళ్లు నల్లగా ఉంటాయి కాబట్టి అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో బ్లాక్‌మౌత్ అంటారు. నదికి ఎదురెక్కే తొందర దీనికి లేదు, ధ్యాసంతా తిండి మీదే. హెర్రింగ్, ఇసుకలో దూరి దాక్కునే శాండ్ లాన్స్ అనే చిన్న చేపలు ఎక్కడుంటే అక్కడే, చాలావరకు సముద్రపు నేలను ఆనుకుని తిరుగుతుంది. అందుకే సియాటిల్, విక్టోరియా, వాంకూవర్ తీరాల్లో ఈ వేటంతా ఒక్క పని మీద నడుస్తుంది: ఎరను నేలకు 5 నుంచి 10 అడుగుల పైన నిలపడం. ఏ రంగు ఎర మంచిదన్న వాదనలన్నీ ఆ తర్వాతే.

ట్రోలింగ్ అంటే పడవను నెమ్మదిగా నడుపుతూ గాలాలను వెనక ఈడ్చడం. వల లాగే మరపడవల పని వేరు.

ముందు లైసెన్స్, ఆ ప్రాంతపు నిబంధనలు చూసుకోండి. వేట ఎప్పుడు తెరుస్తారు, ఎన్ని చేపలు ఉంచుకోవచ్చు, కనీస పొడవు ఎంత అనేవి ఏరియాను బట్టి మారతాయి, సీజన్ మధ్యలో కూడా మూసేస్తారు. బయల్దేరే రోజు ఉదయం మళ్లీ చూడటం మంచిది. బ్రిటిష్ కొలంబియా, వాషింగ్టన్ రెండు చోట్లా సాల్మన్‌కు ముల్లు లేని గాలాలే వాడాలి. గాలం మొన దగ్గరుండే చిన్న ముల్లును ప్లయర్‌తో నొక్కేస్తే సరిపోతుంది.

కావలసినవి

డౌన్‌రిగ్గర్, అంటే తీగకు బరువు కట్టి గాలం లైన్‌ను లోతుకు దించే చుట్టుయంత్రం, దానికి 12 నుంచి 15 పౌండ్ల సీసపు గుండు, మరో గుండు అదనంగా. 9 నుంచి 10 అడుగుల మెత్తటి రాడ్, 25 లేదా 30 పౌండ్ల లైన్. 11 అంగుళాల ఫ్లాషర్, అంటే ఎరకు ముందు తిరుగుతూ మెరిసి చేపను రప్పించే పలక. ఎరగా 3 నుంచి 4 అంగుళాల స్పూన్ అనే వంపు రేకు గానీ, హూచీ అనే ప్లాస్టిక్ స్క్విడ్ గానీ. నేలలోతు చూపించే సౌండర్ లేకుండా ఈ వేటకు వెళ్లకండి.

ఫ్లాషర్‌కూ ఎరకూ మధ్య కట్టే దారం, అంటే లీడర్, దాని పొడవు దగ్గరే కొత్తవాళ్లు ఎక్కువగా తప్పుతారు. హూచీకి సొంత కదలిక లేదు, ఫ్లాషర్ తిరుగుతూ దాన్ని విదిలించాలి. కాబట్టి లీడర్ 30 నుంచి 40 అంగుళాలే ఉండాలి. స్పూన్ తనంతట తానే ఊగుతుంది, దానికి 5 నుంచి 6 అడుగులు వదలాలి. ఇవి తారుమారైతే హూచీ కట్టెలా వేలాడుతుంది, స్పూన్ గింగిరాలు తిరుగుతుంది.

దించడం

1. పడవను నెమ్మదిగా ముందుకు పోనిచ్చి, ఫ్లాషర్‌ను పక్కన నీళ్లలో వేసి చూడండి. అది నిండుగా గుండ్రంగా తిరగాలి. అటూ ఇటూ ఊగుతుంటే వేగం చాలడం లేదన్నమాట. సాధారణంగా 2 నుంచి 3 నాట్ల (నాటికల్ మైళ్ల) వేగం సరిపోతుంది.

2. 15 నుంచి 25 అడుగుల లైన్ వదిలి, గుండు దగ్గరుండే, చేప లాగితే విడిపోయే క్లిప్‌లో పట్టించి, గుండును మెల్లగా దించండి. ధడాలున వదిలితే లీడర్ ఫ్లాషర్‌కు చుట్టుకుంటుంది.

3. గుండు నేలకు తగిలిందనిపించగానే 5 అడుగులు పైకి లేపండి. 90 నుంచి 180 అడుగుల లోతున్న చోట్లు చూసుకోండి.

4. లైన్‌ను బిగించి, రాడ్ బాగా వంగేలా ఉంచండి. ఫ్లాషర్ కొట్టుకునే లయ కొనలో కనబడాలి.

ఎంత తీగ వదిలామో చూపించే డౌన్‌రిగ్గర్ కౌంటర్ అంకెను గుడ్డిగా నమ్మకండి. ప్రవాహం వల్ల తీగ వెనక్కి వాలుతుంది. 45 డిగ్రీలు వాలితే, 150 అడుగులు వదిలినా గుండు ఉండేది దాదాపు 105 అడుగుల దగ్గరే. శీతాకాలంలో ఆ తేడాతో చేపల నెత్తి మీదుగా వెళ్లిపోతాం. ఎదురు ప్రవాహంలో జీపీఎస్ వేగం తక్కువ చూపిస్తుంది, నీటిలో ఎర వేగం మాత్రం ఎక్కువే ఉంటుంది. అందుకే జీపీఎస్ కన్నా తీగ వాలును చూసి ఇంజన్ సర్దుకోవడం మేలు.

నేల ఇసుకైతే అప్పుడప్పుడు గుండును ఆనించండి. దుమ్ము లేస్తుంది, శాండ్ లాన్స్ కదిలిందనుకుని చినూక్ వస్తుంది. రాతినేల మీద ఈ పని చేస్తే గుండు పోతుంది. గుండు ఇరుక్కుంటే వెంటనే డౌన్‌రిగ్గర్ బ్రేక్ వదిలి తీగ పోనిచ్చి, ఇంజన్ న్యూట్రల్‌లో పెట్టి, వెనక్కి దాని పైకి చేరుకోండి. బ్రేక్ బిగించే ఉంచితే చిన్న పడవ వెనక భాగం నీళ్లలోకి లాగేసుకుపోయే ప్రమాదం ఉంది.

మలుపు తిరిగేటప్పుడు లోపలి వైపు గుండు కిందికి జారుతుంది. ముందే 10 అడుగులు లేపి, వెడల్పుగా తిప్పండి. పోటు, పాటు మారే గంట అటూ ఇటూ సమయం సాధారణంగా మంచిది. నీటి అడుగున ఉండే గట్టు మీదుగా ప్రవాహం దిగే వైపున చిన్న చేపలు గుంపుకడతాయి, అక్కడ ప్రవాహంతో పాటే లాగండి.

రాడ్ కొన లయ తప్పి చిన్నగా వణుకుతుంటే కనీస పొడవు లేని పొట్టి చేపో, నాచో పట్టి ఉంటుంది. ప్రతి 20 నిమిషాలకోసారి లైన్ తీసి చూడాలి. పట్టిన పొట్టి చేపను గంటసేపు ఈడిస్తే, వదిలినా బతకదు.

చేప పడ్డాక

క్లిప్ విడిపోయి రాడ్ నిటారుగా లేస్తుంది. గబగబా చుట్టి బిగి తెప్పించండి. చేప పరుగు తీస్తే పోనివ్వండి, లైన్ పోతుంటే పిడి కూడా తిరిగే సింగిల్ యాక్షన్ రీలైతే పిడికి వేళ్లు దూరంగా ఉంచండి. రెండో గుండును ఈలోగా ఎవరైనా పైకి తీసేయాలి.

వలలోకి తీసుకునే ముందు, వీపు రెక్కకూ తోకకూ మధ్యనుండే చిన్న అడిపోస్ రెక్క చూడండి. అది కత్తిరించి ఉంటే హేచరీ చేప, అంటే కేంద్రంలో పొదిగించి వదిలింది. సహజ చేపను వదిలేయాలన్న నియమమున్న చోట దాన్ని పడవ పక్కనే, నీళ్లలోనే విడిపించండి. వాషింగ్టన్‌లో అలాంటి చేపను పడవలోకి ఎక్కించడమే తప్పు.

ఉంచుకునే చేపను వెంటనే నమోదు చేసి, మొప్పలు కోసి రక్తం కార్చి, మంచులో పెట్టండి. కడుపు కోసి చూడటం మరవకండి. సన్నటి శాండ్ లాన్స్ ఉంటే తర్వాతి లైన్‌కు అదే పొడవున్న సన్న స్పూన్ కట్టండి, హెర్రింగ్ అయితే వెడల్పాటిది.