టేకు ఆకుతినే పురుగు: జన్యు పరీక్షతో గుర్తింపు, వైరస్‌తో అదుపు

తొలకరికి ముందు పడే జల్లులకు టేకు చిగురించగానే హిబ్లియా ప్యూరా గొంగళి పురుగులు గుంపులుగా చేరి, పెద్ద ఈనెలు తప్ప ఆకంతా తినేస్తాయి. వీటి వల్ల లేత తోటల్లో కలప పెరుగుదల 44 శాతం తగ్గుతోందని కేరళ అటవీ పరిశోధన సంస్థ నిలంబూరులో జరిపిన అధ్యయనంలో తేలింది. చెట్టు చావకుండా మళ్ళీ చిగురిస్తుంది కనుక ఇంత నష్టమూ కంటికి ఆనదు; ఈ పురుగుపై చూపవలసినంత శ్రద్ధ చూపకపోవడానికి అదే కారణమని నా నమ్మకం.

మొదట పురుగు ఏదో తేల్చుకోవాలి. ఆకు అంచు మడిచి, పట్టుదారంతో అతికించుకుని లోపల దాగితే అది హిబ్లియా. సన్నని ఈనెలను కూడా వదిలి పచ్చని పొరను మాత్రమే గీకి తింటే అది యూటెక్టోనా అనే మరో టేకు పురుగు. హిబ్లియాను చంపడానికి చల్లే ఎన్.పి.వి. (న్యూక్లియర్ పాలిహెడ్రోసిస్ వైరస్) సాధారణంగా ఒక జాతికో, దాని దగ్గరి జాతులకో తప్ప సోకదు కాబట్టి ఇక్కడ పొరబడితే పిచికారీ అంతా వృథా.

చిన్న పురుగుల్లో ఈ తేడా తెలియనప్పుడు వాటిని 95 శాతం ఇథనాల్‌లో వేయాలి. ఫార్మలిన్ డీఎన్ఏను పాడుచేస్తుంది. ఆకు ముక్కలతో నిండిన పేగును వదిలి, కాలి కండరం నుంచి డీఎన్ఏ తీసి, జాతిని గుర్తించడానికి వాడే, మైటోకాండ్రియాలోని సీఓఐ జన్యువులో 658 బేస్‌ల (డీఎన్ఏ అక్షరాల) భాగాన్ని పీసీఆర్‌తో, అంటే డీఎన్ఏకు నకళ్ళు తీసే పద్ధతితో పెంచి, దాని వరుసను చదివించి, తెలిసిన జాతుల వరుసలతో పోల్చాలి.

పురుగులో వైరస్ ఉందో లేదో తేల్చడానికి దాని పాలిహెడ్రిన్ జన్యువును పీసీఆర్‌తో వెతకాలి. వైరస్ కణాలు పాలిహెడ్రిన్ అనే ప్రోటీన్ స్ఫటికాల్లో ఇమిడి ఉంటాయి కనుక ముందుగా ఆ స్ఫటికాలను సోడియం కార్బొనేట్ క్షార ద్రావణంలో కరిగించాలి. పురుగు పేగులో జరిగేదీ ఇదే. అయితే ఆరోగ్యంగా కనిపించే పురుగుల్లోనూ వైరస్ నిద్రాణంగా ఉండవచ్చు కాబట్టి, పీసీఆర్ ఫలితం ఒక్కదాన్నే చూసి వ్యాధితో చనిపోయిందని అనకూడదు. మైక్రోస్కోపు కింద మెరిసే స్ఫటికాలు కూడా కనిపించాలి.

పిచికారీకి అసలు కీలకం సమయం. ఎదిగిన పురుగు వైరస్‌ను చాలావరకు తట్టుకుంటుంది, పైగా చచ్చేలోగా ఆకంతా తినేస్తుంది. అందువల్ల గుడ్లు పగిలిన తొలి రోజుల్లోనే చల్లాలి. ఎండలోని అతినీలలోహిత కిరణాలు వైరస్‌ను నిర్వీర్యం చేస్తాయి కాబట్టి, కందిలో శనగపచ్చ పురుగుకు మన రైతులు చేసినట్టే సాయంత్రం పూట కొట్టడం మేలు. చనిపోయి తలకిందులుగా వేలాడే పురుగులను ఏరివేయకూడదు. వాటి చర్మం చిట్లి కారే ద్రవం నుంచే వైరస్ పక్క ఆకులకు, మిగిలిన పురుగులకు చేరుతుంది.