ధర్నాచౌక్ వార్తను చదివే పద్ధతి

విజయవాడ ధర్నాచౌక్‌లో మహిళలు బైఠాయించిన మర్నాడు పేపరు చేతికి రాగానే, శీర్షిక జోలికి పోకుండా ముందుగా ఒక పెన్సిలు తీసుకుని, వారు ఏమి అడిగారో చెప్పే వాక్యం కింద గీత గీయండి. అది మొదటి పేరాలోనే దొరికితే విలేకరి తన పని చేశాడు. ట్రాఫిక్ స్తంభన, తోపులాట, అరెస్టులు అన్నీ అయ్యాక చివరి పేరాలో కనబడితే, ఆ వార్తను నడిపించింది ఎవరి కోణమో అర్థమవుతుంది.

2023 డిసెంబరు 12న మొదలై 42 రోజులు సాగిన అంగన్‌వాడీల సమ్మె వార్తల మీద ఈ పద్ధతిని ప్రయత్నించి చూడండి. అప్పటికి కార్యకర్త గౌరవవేతనం నెలకు 11,500 రూపాయలు, ఆయాది 7,000. వారు కోరింది 26,000 కనీస వేతనం, గ్రాట్యుటీ. గ్రాట్యుటీకి వారు అర్హులేనని సుప్రీంకోర్టు 2022 ఏప్రిల్‌లోనే తీర్పు చెప్పింది. ఈ సంగతులు లేకుండా, 2024 జనవరిలో ప్రభుత్వం అత్యవసర సేవల్లో సమ్మెలను నిషేధించే ఎస్మా చట్టాన్ని ప్రయోగించిందని మాత్రమే చదివినవారికి, పసిపిల్లలను గాలికొదిలి రోడ్డెక్కారన్న అభిప్రాయమే మిగులుతుంది.

తరువాత క్రియాపదాలకు సున్నా చుట్టండి. నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైన పని ఇదే. లారీ యజమానులు ‘డిమాండు చేస్తారు’, ‘హెచ్చరిస్తారు’. అదే మాట మహిళలు అంటే ‘వాపోయారు’, ‘మొరపెట్టుకున్నారు’, ‘కన్నీటి పర్యంతమయ్యారు’ అని రాయడం మన పత్రికలకు అలవాటు. హక్కును అడిగిన మనిషి ఒక్క క్రియతో జాలికి పాత్రురాలైపోతుంది. అనుమానం ఉంటే ‘మహిళలు’ ఉన్నచోట ‘లారీ యజమానులు’ అని పెట్టి వాక్యాన్ని పైకి చదవండి. ఎబ్బెట్టుగా వినిపించిన క్రియ దగ్గర ఆగండి.

ఫొటోలో ప్లకార్డు మీది అక్షరాలు కనిపిస్తున్నాయా, లేక చెదిరిన జుట్టు, జారిన కొంగు, చేయి పట్టి లాగుతున్న కానిస్టేబులు వరకే కత్తిరించారా అన్నది కూడా చూడాలి.

పాత ఉద్యమాలకూ ఇదే చూపు అవసరం. 1990ల తొలినాళ్లలో నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి పాకిన సారా వ్యతిరేక పోరాటాన్ని తాగుబోతు భర్తలపై భార్యల తిరుగుబాటుగా చెప్పుకోవడమే ఎక్కువ. కానీ ఆ స్త్రీలు అక్షరాస్యత తరగతుల్లో చర్చించుకుని, ప్రభుత్వ ఖజానా నింపే సారా వేలంపాటలనే అడ్డుకున్నారు. 1993 అక్టోబరు 1న సారా నిషేధం వచ్చింది. దానిని కాపురాల గొడవగా కుదిస్తే అందులోని రాజకీయమంతా కనుమరుగవుతుంది.

చివరగా, సమ్మె విరమణ వార్త వచ్చేదాకా, మీరు గీత గీసిన ఆ మొదటి వార్తను పేపరులోంచి కత్తిరించి దాచుకోండి. మొదటి రోజు మీరు గీత గీసిన కోరికలను, విరమణ వార్తలో రాసిన హామీలను పక్కపక్కన పెట్టి, ఏది దక్కిందో, దేని ప్రస్తావనే లేకుండా పోయిందో గుర్తు పెట్టుకోండి.