తోటి పాఠకులతో పుస్తకాలు పంచుకోవడం: చిన్న పఠన గోష్ఠి నడుపుకొనే విధానం

మంచి పుస్తకం ముగించిన పాఠకుడికి దాని గురించి ఎవరితోనైనా మాట్లాడాలనిపించడం సహజం. మన ఊళ్లలో ఆ కోరిక తీరే చోట్లు మాత్రం తక్కువ. పుస్తకావిష్కరణ సభలు జరుగుతూనే ఉంటాయి గానీ అక్కడ మాట్లాడేది వేదిక మీదివారు, వినేది కింద కూర్చున్నవారు. పాఠకులు పాఠకులతోనే మాట్లాడుకోవాలంటే ఆ ఏర్పాటు మనమే చేసుకోవాలి. ఎనిమిది లేదా పదిమంది, నెలకొకసారి, రెండు గంటలు కలిస్తే సరిపోతుంది. ఇలాంటి గోష్ఠిలో పుస్తకం గురించి చెప్పేవారు ఒక్క లక్ష్యం పెట్టుకుంటే చాలునని నా అభిప్రాయం: విన్నవారు ఆ పుస్తకం తాము చదవాలో వద్దో సొంతంగా తేల్చుకోగలగాలి. కింద చెప్పే పద్ధతులన్నీ ఆ లక్ష్యం కోసమే.

చోటు, వేళ

మొదట అడగవలసిన చోటు ఊళ్లోని శాఖా గ్రంథాలయం. ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ ఇంటి పన్నుతో కలిపి రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు వసూలవుతుంది కాబట్టి, ఆ గదిలో నెలకు రెండు గంటలు కూర్చుంటామని అడగడానికి పాఠకులు మొహమాటపడనక్కరలేదు. గ్రంథపాలకులు కూడా చాలాచోట్ల ఇలాంటివారి కోసం ఎదురుచూస్తూనే ఉంటారు. అది కుదరకపోతే అపార్ట్‌మెంటు సమావేశపు గది, బడి వరండా, ఎవరి ఇంటి ముందుగది అయినా ఫరవాలేదు. ఆదివారం ఉదయం పెడితే వంటపని ఉన్న స్త్రీలు రాలేరు. సాయంత్రం నాలుగు గంటలకు పెడితే వస్తారు. ఈ చిన్న మార్పుతోనే గోష్ఠి స్వరూపం మారిపోతుందని గట్టిగా చెప్పగలను, ఎందుకంటే మన ఇళ్లలో నవలలు ఎక్కువగా చదివేది వారే. అధ్యక్షుడు, వేదిక, శాలువా, పూలదండ వద్దు. అందరూ గుండ్రంగా కూర్చోవాలి. ఒకరు గడియారం చూసే బాధ్యత తీసుకోవాలి, ఆ బాధ్యత ప్రతి నెలా మరొకరికి మారాలి.

మొదటి కలయికకు చిన్న కథలు

మొదటి నెలలోనే ఐదు వందల పేజీల నవల పెట్టుకుంటే సగంమంది చదవకుండా వస్తారు, చదవనివారు రెండో నెల రారు. అక్కడికక్కడే చదువుకోగల చిన్న కథలతో మొదలుపెట్టడం మేలు. భండారు అచ్చమాంబ 1902లో ప్రచురించిన ‘ధనత్రయోదశి’ని, గురజాడ అప్పారావు 1910లో ప్రచురించిన ‘దిద్దుబాటు’ను జతచేసి చదవాలని నా సూచన. తొలి తెలుగు కథ ఏదన్న వాదం ఈ రెండింటి చుట్టూ ఇప్పటికీ నడుస్తోంది. అంతకంటే ఆసక్తికరమైన సంగతి ఏమిటంటే రెండు కథల్లోనూ దారి తప్పబోయిన భర్తను భార్యే దారికి తెస్తుంది. ఒక కథలో డబ్బు ఆశ, ఇంకొక కథలో ఇంటి బయటి సరదా. దిద్దే తీరులో ఆ ఇద్దరు భార్యలకు ఉన్న తేడా ఏమిటని ఒక్క ప్రశ్న వేస్తే చాలు, ఎన్నడూ నోరు విప్పనివారు కూడా తమ అభిప్రాయం చెబుతారు. ఇద్దరు రచయితలూ కాలం చేసి వందేళ్లు దాటింది కాబట్టి కథల ప్రతులు తీసి అందరికీ పంచడానికి చట్టపరమైన అడ్డంకి కూడా లేదు.

నచ్చిన పుస్తకం గురించి చెప్పడం

మనకు అత్యంత ఇష్టమైన పుస్తకం గురించి చెప్పడమే అన్నిటికన్నా కష్టం. ఇరవై ఏళ్ల వయసులో చదివి గుండెకు హత్తుకున్న నవలను యాభై ఏళ్ల వయసులో జ్ఞాపకం మీద ఆధారపడి చెబితే, పుస్తకంలో ఉన్నదానికన్నా మన యౌవనంలో ఉన్నదే ఎక్కువగా బయటికి వస్తుంది. కాబట్టి గోష్ఠికి ముందు ఆ పుస్తకాన్ని మళ్లీ చదవాలి. పూర్తిగా కుదరకపోతే మొదటి యాభై పేజీలు, చివరి అధ్యాయం, మధ్యలో మనకు బాగా గుర్తున్న ఘట్టం అయినా తిరగేయాలి. మొదటిసారి ఏ వయసులో, ఏ పరిస్థితిలో చదివామో, ఇప్పుడు చదివితే ఏది నిలిచిందో, ఏది పలచబడిందో రెండూ చెప్పాలి. పలచబడినది చెప్పడం వల్ల పుస్తకం మీద గౌరవం తగ్గదు. వినేవారికి మన మాట మీద నమ్మకం పెరుగుతుంది.

చెప్పడానికి పది నిమిషాలు మించి తీసుకోకూడదు. ఆ పది నిమిషాలలో కథ మొత్తం చెప్పేస్తే వినేవారికి ఇక చదవవలసిన పని ఉండదు. నవల అయితే మొదటి పాతిక వంతు దాటి కథ చెప్పకూడదన్న నియమం పెట్టుకోవచ్చు. ఎవరు, ఎక్కడ, ఏ కాలంలో, ఏ చిక్కులో ఉన్నారు అన్నంతవరకు చెప్పి ఆగిపోవాలి. చిన్న కథ విషయంలో ఈ నియమం పనిచేయదు, ఎందుకంటే పాతిక వంతు అంటే ఒక పేరాయే అవుతుంది. అక్కడ ఎత్తుగడ మాత్రం చెప్పి మిగిలినది చదివి వినిపించడం మంచిది.

అసలు బలం ఆ చదివి వినిపించడంలోనే ఉంది. ‘చాలా గొప్పగా రాశారు’ అన్న మాట పదిసార్లు చెప్పినా వినేవారికి ఏమీ అందదు, అదే పుస్తకం నుంచి ఒక పేజీ చదివితే రచయిత గొంతు నేరుగా వారి చెవిన పడుతుంది. పేజీని ముందే ఎంచుకుని, అక్కడ కాగితం ముక్క పెట్టుకుని, ఇంట్లో ఒకసారి పైకి చదివి చూసుకోవాలి. సాధారణ ముద్రణలో ఒక పేజీకి రెండు మూడు నిమిషాలు పడుతుంది, అంతకు మించి చదవనక్కరలేదు. అందరూ ఎత్తిచూపే ప్రసిద్ధ వాక్యాలను వదిలిపెట్టి, ఆ రచయిత మామూలుగా ఎలా రాస్తారో తెలిపే పేజీని ఎంచుకోవాలి. పుస్తకం కొన్నవారికి ఎదురయ్యేది ఆ మామూలు పేజీలే కదా.

మాండలికంలో ఉన్న రచనను ఆ యాస నోటికి వచ్చినవారి చేత చదివించాలి. ఉత్తరాంధ్ర సంభాషణను రాయలసీమవారు గానీ, తెలంగాణ పల్లె మాటను కోస్తావారు గానీ అక్షరం వెంట అక్షరం పట్టుకుని చదివితే జీవం పోతుంది, ఒక్కోసారి వెక్కిరింపులా కూడా వినిపిస్తుంది. గుంపులో ఆ ప్రాంతంవారు ఎవరైనా ఉంటే ముందుగానే పేజీ వారికి ఇచ్చి ఉంచాలి. పద్యమైతే ముందు తాత్పర్యం రెండు వాక్యాల్లో చెప్పి, తరువాత పదాలు విడివిడిగా తెలిసేలా ఒకసారి నిదానంగా చదివి, ఆపైన రాగం తీయగలవారు ఉంటే వారిచేత పాడించాలి. రాగంతోనే మొదలుపెడితే పద్యాలకు అలవాటు లేనివారు శబ్దం విని సంతోషిస్తారు గానీ అర్థం దగ్గరికి రారు.

పుస్తకం వివరాలు ఒక చిన్న చీటీ మీద రాసుకుని రావాలి: పేరు, రచయిత, అనువాదమైతే అనువాదకులు, ప్రచురణకర్త, మొదట అచ్చయిన సంవత్సరం, మన చేతిలోని ముద్రణ, పేజీలు, వెల, దొరికే చోటు. ముద్రణ సంగతి చాలామంది పట్టించుకోరు గానీ అది ముఖ్యం. ‘కన్యాశుల్కం’ మొదట 1897లో అచ్చయింది. గురజాడ దాన్ని బాగా పెంచి, చాలావరకు తిరగరాసి 1909లో మళ్లీ ప్రచురించారు. ఇప్పుడు సాధారణంగా చదువుతున్నది ఆ రెండోది. ఒకరు మొదటి కూర్పును, మరొకరు రెండో కూర్పును ముందు పెట్టుకుని చర్చకు దిగితే ఇద్దరూ వేర్వేరు నాటకాల గురించి మాట్లాడుతున్నట్టే. అనువాదాల్లో సంక్షిప్తాలు కూడా పూర్తి పుస్తకాల పేరుతోనే చలామణీ అవుతాయి కాబట్టి అక్కడా ఇదే జాగ్రత్త అవసరం.

చివరగా, ఈ పుస్తకం ఎవరికి సరిపడుతుందో, ఎవరికి సరిపడదో ఒక్కో వాక్యంలో చెప్పాలి. నిదానంగా సాగే వర్ణనలు ఇష్టపడేవారికి నచ్చుతుందనో, ఇటీవల ఇంట్లో మరణం చూసినవారు కొన్నాళ్లు ఆగి చదవడం మంచిదనో చెప్పడం తోటి పాఠకుల పట్ల చూపవలసిన ప్రేమ. ఈ రెండు వాక్యాలు లేకుండా ఏ పరిచయాన్నీ ముగించకూడదని నేను పట్టుబడతాను.

ఇంకా చదువుతున్న పుస్తకం

ప్రస్తుతం చదువుతున్నదాని గురించి చెప్పమంటే ‘పూర్తి కాలేదు, ఇప్పుడేం చెప్పను’ అని తప్పుకుంటారు. పూర్తికాని చదువుకు ఉన్న విలువ వేరు. ఆ సమయంలో పాఠకుడిలో సందేహం, ఊహ, చిరాకు అన్నీ సజీవంగా ఉంటాయి. ముగించిన తరువాత అవన్నీ సర్దుకుని తీర్పుగా మారిపోతాయి. కాబట్టి గోష్ఠిలో మొదటి అరగంట దీనికే కేటాయించి, ఒక్కొక్కరు మూడు నిమిషాల చొప్పున మాట్లాడాలి. ఎన్నో పేజీలో ఉన్నారో, ఇంతవరకు ఏది పట్టి లాగిందో, ఎక్కడ నడక కుంటుపడిందో, ముందు ఏం జరుగుతుందని అనుకుంటున్నారో చెబితే చాలు. అదే పుస్తకం ఇంతకుముందు చదివేసినవారు నోరు కట్టేసుకోవాలి; తలాడించడం, ముసిముసి నవ్వులు నవ్వడం కూడా ముగింపును బయటపెడతాయి. ముందుకు సాగాలా అని అడిగితే మాత్రం ‘ఇంకో నలభై పేజీలు చూడండి’ అన్నంతవరకు చెప్పవచ్చు.

సగంలో వదిలేసిన పుస్తకాల గురించి కూడా ఈ సమయంలోనే చెప్పుకోవాలి. ఎక్కడ, ఎందుకు వదిలేశామో చెబితే అది విన్న మరొకరు సరిగ్గా ఆ కారణానికే ఆ పుస్తకం అడిగి తీసుకోవచ్చు.

చర్చ దారి తప్పకుండా

తెలుగు సాహిత్య చర్చ రచన నుంచి రచయిత మీదికి, అక్కడినుంచి కులం మీదికి, పార్టీ మీదికి, ఉద్యమం మీదికి పాకడానికి ఎంతోసేపు పట్టదు. ఆ విషయాలు సాహిత్యానికి బయటివని నేను అనను. కులం గురించి మాట్లాడకుండా మన సాహిత్యంలో సగం పుస్తకాల గురించి మాట్లాడలేము. అయితే ప్రతి వ్యాఖ్యకూ పుస్తకంలో ఆధారం చూపించాలన్న నియమం ఉండాలి. ‘ఈ రచయిత్రికి పల్లె తెలియదు’ అన్నవారిని ‘ఏ పేజీలో అలా అనిపించింది, చదవండి’ అని మర్యాదగా అడగాలి. పేజీ తెరిచి చదివేసరికి వాదం దానంతట అదే మళ్లీ పుస్తకం దగ్గరికి వస్తుంది. పెద్దవారిని ఇలా అడగడం మనకు ఇబ్బందిగా ఉంటుంది కాబట్టి, ఈ నియమాన్ని మొదటి రోజే అందరి ముందు చదివి ఒప్పించుకుంటే తరువాత ఎవరికీ అవమానంగా తోచదు.

రచయిత స్వయంగా వచ్చి కూర్చునే అవకాశం మన దగ్గర ఎక్కువ, ఎందుకంటే తెలుగులో రాసేవారూ చదివేవారూ ఒకరికొకరు తెలిసినవారే. రచయిత ఎదురుగా ఉంటే పాఠకులు పొగడ్తకు దిగుతారు లేదా మౌనం వహిస్తారు. అందువల్ల మొదటి గంట పాఠకులు తమలో తాము మాట్లాడుకుని, రెండో గంటకు రచయితను ఆహ్వానించడం ఇరువర్గాలకూ మేలు.

మాట్లాడని సభ్యులను పేరు పెట్టి పిలిచి అభిప్రాయం అడగడం కన్నా, ఒక పేరా చదివి పెట్టమని అడగడం మంచిది. చదివినవారు ఆపైన ఒక మాట తప్పక అంటారు.

పుస్తకాలు చేతులు మారడం

పాతూరి నాగభూషణం 1935లో గుంటూరు జిల్లాలో కాలువ మీద పడవలో గ్రంథాలయం నడిపి, పుస్తకాలను ఊరూరికీ చేర్చారు. గోష్ఠిలో పరిచయమైన పుస్తకం కూడా ఆ సాయంత్రమే ఎవరి సంచిలోనో ఇంటికి వెళ్లకపోతే విన్నదంతా వారంలో మరుగున పడుతుంది. ఒక నోటుబుక్కులో పుస్తకం పేరు, ఇచ్చినవారు, తీసుకున్నవారు, తేదీ రాయాలి, తీసుకున్నవారు సంతకం చేయాలి. స్నేహితుల మధ్య సంతకాలేమిటని అనిపించవచ్చు గానీ స్నేహం నిలవాలంటే ఆ సంతకం కావాలి. గడువు వచ్చే కలయిక వరకే. పేజీల మీద పెన్నుతో గీతలు గీయకూడదు. మళ్లీ ముద్రణ లేని పాత పుస్తకాన్ని బయటికి ఇవ్వకుండా, అడిగినవారు గ్రంథాలయంలోనే కూర్చుని చదువుకునే ఏర్పాటు చేయాలి.

స్కాన్ చేసిన పుస్తకాలను ఫోనులో పంచుకోవడం గురించి ఒక స్పష్టత అవసరం. మన దేశపు చట్టం ప్రకారం రచయిత మరణించిన తరువాత 60 ఏళ్ల వరకు కాపీరైటు ఉంటుంది. ఆ గడువు దాటిన రచనలను నిశ్చింతగా పంచుకోవచ్చు. జీవించి ఉన్న రచయితల పుస్తకాలను అలా పంచడం నేరమే కాదు, వారికి నేరుగా నష్టం. తెలుగు పుస్తకాలు చాలావరకు ఐదు వందలో వెయ్యో ప్రతులు అచ్చవుతాయి, అందులో పది ప్రతులు అమ్ముడుపోకపోవడం కూడా లెక్కలోకి వస్తుంది. ఖరీదు భారమైతే ఇద్దరు ముగ్గురు కలిసి ఒక ప్రతి కొని వంతులవారీగా చదవవచ్చు, లేదా అందరికీ కావలసినవి ఒకేసారి పది ప్రతులు కొంటామని ప్రచురణకర్తను తగ్గింపు అడగవచ్చు. సంవత్సరారంభంలో జరిగే విజయవాడ పుస్తక మహోత్సవానికి ఉమ్మడి జాబితాతో వెళితే తపాలా ఖర్చు కూడా మిగులుతుంది.

విదేశాలలో ఉన్నవారికి పుస్తకం దొరకడమే మొదటి అడ్డంకి. డెట్రాయిట్ తెలుగు లిటరరీ క్లబ్ వంటి సంస్థలు చాలాకాలంగా పుస్తక చర్చలు నడుపుతున్నాయి. అలాంటి చోట చర్చించబోయే పుస్తకాన్ని కనీసం మూడు నెలల ముందే నిర్ణయించుకోవాలి, ఇండియా నుంచి వచ్చేవారెవరైనా ఉంటే వారి ద్వారా తెప్పించుకోవాలి. తెలుగు మాట్లాడగలిగినా చదవలేని పిల్లలను కూడా కూర్చోబెట్టుకుని, వారికోసం చదివి వినిపించే పేజీలు ఒకటికి రెండు చేస్తే సరిపోతుంది.

ప్రతి కలయికలో ప్రస్తావనకు వచ్చిన పుస్తకాల పేర్లు, చెప్పినవారి పేర్లు, ఒక్కో వాక్యంలో వారి అభిప్రాయం ఒక రిజిస్టరులో రాసి ఉంచాలి. నవంబరు 14 నుంచి 20 వరకు జాతీయ గ్రంథాలయ వారోత్సవాలు జరుగుతాయి. ఆ వారంలో ఈ రిజిస్టరు నుంచి ఎక్కువమంది అడిగిన ఇరవై పుస్తకాల జాబితా తీసి, ప్రచురణకర్త వివరాలతో సహా శాఖా గ్రంథపాలకులకు రాతపూర్వకంగా ఇచ్చి, జిల్లా గ్రంథాలయ సంస్థకు పంపవలసిందిగా కోరాలి. సంతకాలు గోష్ఠివారివే కాకుండా ఆ గ్రంథాలయ సభ్యులందరివీ తీసుకోవాలి, ఒక ప్రతి మన దగ్గర ఉంచుకోవాలి.