నిషిద్ధ మండలంలో కప్పలను పట్టబోయేవారికి జాగ్రత్తలు

2025 ఫిబ్రవరి 14న ఒక డ్రోన్ ఉక్రెయిన్‌లోని చెర్నోబిల్ అణు కేంద్రంలో పేలిపోయిన నాలుగో రియాక్టరు పైనున్న ఉక్కు కప్పుకు రంధ్రం చేసినప్పుడు, వెలుపల రేడియేషన్ పెరగలేదని మీటర్లు చూపాయి. అది నిజమే. అయితే ఆ వార్త చదివి, మీటరు నిశ్చింతగా ఉంటే చాలుననుకుని, దీర్ఘకాల రేడియేషన్ జంతువులను త్వరగా ముసలివి చేస్తుందా అని పరిశీలించడానికి ఆ కేంద్రం చుట్టూ ఉన్న నిషిద్ధ మండలానికి బయలుదేరేవారు ముందు ఒక్క విషయం తెలుసుకోవాలి.

చేతి మీటరు చెప్పేది ప్రధానంగా ఆ చోటి గామా కిరణాల సంగతి. అక్కడి నేలలో మిగిలిన రేడియోధార్మిక పదార్థాల్లో సీజియం-137 పొటాషియంలా కండరాల్లోకీ, స్ట్రాన్షియం-90 కాల్షియంలా ఎముకల్లోకీ చేరతాయి. ఎముకలో కూర్చున్న స్ట్రాన్షియం వెలువరించే బీటా కణాలు మీటరు దాకా రాకపోయినా, పక్కనున్న మజ్జను జంతువు బతికినన్నాళ్లూ తాకుతూనే ఉంటాయి. కాబట్టి నేల మీది అంకెను జంతువు పొందిన మోతాదుగా రాయకండి. ఈ ఒక్క పొరపాటు వల్ల మంచి పరిశోధనలు బూడిదలో పోసిన పన్నీరు కావడం చూశాను. చెర్నోబిల్ చెట్టుకప్పలపై 2024లో వెలువడిన అధ్యయనం లోపలి, బయటి మోతాదులను కలిపి లెక్కించింది కనుకనే, వాటి వయసుకూ టెలోమియర్ల (క్రోమోజోముల చివర్లను కాపాడే తొడుగుల) పొడవుకూ రేడియేషన్‌తో సంబంధం కనబడలేదన్న దాని మాటకు బరువుంది. ఆ ఫలితాన్ని క్షీరదాలకు అంటగట్టడం తొందరపాటు. అక్కడి ఎలుకజాతి జీవుల్లో టెలోమియర్లపై ప్రభావం అవయవాన్ని బట్టి మారింది.

ఎముకను, కండరాన్ని విడివిడిగా కొలవాలి. టెలోమియరు ఏ అవయవానిదో తప్పక రాయాలి. వయసు తెలుసుకోవడానికి వేలి ఎముకలోని పెరుగుదల వలయాలు లెక్కపెట్టేవారికి ఆ కప్ప ఎక్కడిదో చెప్పకూడదు, చెబితే చూపు పక్షపాతంలో పడుతుంది. పోలిక కోసం ఎంచుకునే శుభ్రమైన చెరువు తేమలో, మేతలో మండలంలోని చెరువుకు దగ్గరగా ఉండాలి.

మీ శరీరానికీ అదే సూత్రం: మీటరు అంకె మీ ఊపిరితిత్తుల లెక్క కాదు. అమెరీషియం-241 అనే రేడియోధార్మిక లోహం వెలువరించే ఆల్ఫా కణాలు చర్మాన్ని దాటలేవు గాని, ఆ లోహమే ధూళితో లోపలికి దిగితే ఏళ్లు ఉంటుంది. మట్టి కదిలేచోట మాస్కు తీయవద్దు. గ్లౌజులతో ముఖం తాకవద్దు. అక్కడి పుట్టగొడుగులు నోట పెట్టవద్దు. 2020 ఏప్రిల్‌లో మాదిరిగా అడవి అంటుకుంటే నమూనాలు వదిలి బయటికి రండి, పొగలో సీజియం లేస్తుంది. 2022లో యుద్ధం వచ్చాక మందుపాతరలున్న నేల అది, తనిఖీ కాని దారిలో అడుగు వేయవద్దు. నమోదు పట్టికలో కొలవని మోతాదు గడిని ఖాళీగా వదలండి, మీటరు అంకెతో నింపవద్దు. బూట్ల అడుగులు పరీక్షింపజేసుకోకుండా వాహనం ఎక్కవద్దు.