సీలింగ్ పైన ఈఆర్‌వీ: నీళ్లు కారినా, గాలి రాకపోయినా, వాసన వచ్చినా ఎక్కడ వెతకాలి

ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, రాయగడ లాంటి ఊళ్లలో ఏసీ పెట్టిన క్లినిక్కుల్లోనూ ట్యూషన్ హాళ్లలోనూ తలుపులు మూస్తే గాలి మారదు. దానికోసమే ఫాల్స్ సీలింగ్ పైన ఈఆర్‌వీ (ఎనర్జీ రికవరీ వెంటిలేటర్) యూనిట్ వేలాడదీస్తారు. అందులో రెండు ఫ్యాన్లు, మధ్యలో కాగితం మడతల్లాంటి కోర్ ఉంటాయి. బయటికి పోయే చల్లగాలి, లోపలికొచ్చే వేడిగాలి కలవకుండానే ఆ కోర్‌లో వేడినీ తేమనీ మార్చుకుంటాయి. యూనిట్‌కు నాలుగు మూతులు, ఒక్కోదానికి ఒక డక్టు (గాలి గొట్టం). బయటి గాలి ఓఏ లోంచి లోపలికొచ్చి ఎస్‌ఏ ద్వారా గదికి చేరుతుంది. గది గాలి ఆర్‌ఏ లోంచి వెనక్కెళ్లి ఈఏ ద్వారా బయటికి పోతుంది.

మూత విప్పే ముందు ఎంసీబీ (కరెంటు బోర్డులోని బ్రేకర్ స్విచ్) దించి, ఐసొలేటర్ (యూనిట్‌కి కరెంటు తెంచే స్విచ్) ఆఫ్ చేసి, కరెంటు లేదని టెస్టర్‌తో చూసుకోండి. రిమోట్‌లో ఆపితే యూనిట్‌కి కరెంటు ఆగినట్టు కాదు.

సమస్య: సీలింగ్ నుంచి నీళ్లు కారుతున్నాయి

జిప్సం పలక కోసే ముందు, నీళ్లు ఎప్పుడు కారుతున్నాయో రెండు రోజులు రాసుకోండి. కారణం సగం అందులోనే తేలుతుంది.

వాన పడ్డప్పుడే కారితే నీళ్లు బయటి మూతి నుంచి వస్తున్నట్టు. ఓఏ, ఈఏ డక్టులు రెండూ యూనిట్ నుంచి గోడ వైపు వాలుగా దిగాలి. 30 సెం.మీ.కు 1 సెం.మీ. చొప్పున, 3 మీటర్ల డక్టుకు 10 సెం.మీ. వాలు కావాలి. చాలాచోట్ల గోడకి రంధ్రం పైన కొట్టి, యూనిట్‌ని కింద బిగిస్తారు. అలా బిగిస్తే గోడ దగ్గర పడ్డ ప్రతి చుక్కా యూనిట్‌లోకే చేరుతుంది. హ్యాంగర్ రాడ్ల నట్లు తిప్పి యూనిట్‌ని పైకి లేపగలిగితే సరే. కుదరకపోతే రంధ్రం కిందికి మార్చాల్సిందే, సిలికాన్ పూసి సరిపెట్టవద్దు. గోడ బయట లోతైన హుడ్ ఉన్న కౌల్ (డక్టు మూతికి వాన తగలకుండా పెట్టే తొడుగు) పెట్టండి. గోపాల్‌పూర్ తీరం దగ్గరి ఉప్పుగాలికి జీఐ (జింకు పూత పూసిన) రేకు తుప్పు పడుతుంది కాబట్టి స్టెయిన్‌లెస్ స్టీల్ కౌల్, స్క్రూలే వాడండి.

2013 అక్టోబరులో ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది, 2018 అక్టోబరులో తిత్లీ తుపాను గజపతి జిల్లాని ముంచింది. అలాంటి గాలివానలో నడుస్తున్న ఓఏ ఫ్యాన్ నీటినే లోపలికి పీలుస్తుంది. తుపాను హెచ్చరిక రాగానే యూనిట్ ఆపి ఎంసీబీ దించేయండి.

వాన లేకపోయినా మధ్యాహ్నం ఉక్కపోతలో కారితే అది డక్టుకు పట్టిన చెమట. 33 డిగ్రీల వేడి, 75 శాతం తేమ ఉన్న గాలి 28 డిగ్రీలకు చల్లబడగానే నీరు వదులుతుంది. ఆర్‌ఏ డక్టులో పోయే ఏసీ గది గాలి 25 డిగ్రీలు ఉంటుంది. పైకప్పు రేకులదై, సీలింగ్ పైకి బయటి గాలి దూరుతుంటే ఆ డక్టు ఐస్ నీళ్ల గ్లాసులా తడుస్తుంది. బయటివైపు రెండు డక్టులకు ఇన్సులేషన్ వేస్తే చాలని చాలామంది అనుకుంటారు. ఈ తీరపు వాతావరణంలో, రేకుల కింద, నాలుగింటికీ వేయాలి. 19 మి.మీ. నైట్రైల్ రబ్బరు షీటు మంచిది. అతుకుల దగ్గర గాలి చొరకుండా అంటించండి. క్లాంపు బిగించినచోట షీటు నలిగి పలచబడితే అక్కడి నుంచే మళ్లీ చుక్కలు మొదలవుతాయి, అందుకే క్లాంపు కింద వెడల్పాటి రేకు పెట్టాలి.

సమస్య: ఫ్యాన్ తిరుగుతోంది, గాలి రావడం లేదు

ముందు ఫిల్టర్ చూడండి. కోర్‌ని మాత్రం నీళ్లతో కడగొద్దు. కాగితం కోర్ తడిస్తే పాడైనట్టే, మెత్తటి బ్రష్ ఉన్న వాక్యూమ్‌తో దుమ్ము తీస్తే చాలు.

ఫిల్టర్ బాగుంటే తప్పు డక్టుదే. గంటకు 500 ఘనపు మీటర్ల గాలి 200 మి.మీ. డక్టులో సెకనుకు దాదాపు 4.4 మీటర్ల వేగంతో పోతుంది. చవకని 150 మి.మీ. డక్టు వేస్తే వేగం 7.9 మీటర్లకు, ఒత్తిడి నష్టం సుమారు నాలుగు రెట్లకు పెరుగుతుంది. ఫ్యాన్ దాన్ని తట్టుకోలేదు. ఫ్లెక్సిబుల్ డక్టుని సాగదీసి బిగించాలి, మిగిలిన ముక్క కోసెయ్యాలి. 1.5 మీటర్లకొక పట్టీ వేయాలి. పట్టీల మధ్య మీటరుకు 4 సెం.మీ. మించి జారకూడదు. బయటి మూతికి దోమతెర కడితే కొన్ని నెలల్లోనే దుమ్ముతో మూసుకుపోతుంది. పక్షులు రాకుండా 10-12 మి.మీ. కన్నాల జాలీ చాలు.

సమస్య: గాలి వస్తోంది, కానీ వేడిగా ఉంది

ఇది ఏసీ కాదు, చల్లబరచదు. తన పని చేస్తోందో లేదో రెండు థర్మామీటర్లతో తేలుతుంది. బైపాస్ (గాలిని కోర్ గుండా కాకుండా పక్కనుంచి పంపే సెట్టింగ్) ఆపి 20 నిమిషాలు నడపండి. బయట 35, గదిలో 25 ఉన్నప్పుడు ఎస్‌ఏ గాలి 28 ఉంటే, 10 డిగ్రీల తేడాలో 7 తగ్గినట్టు, అంటే 70 శాతం. అది 32-33 ఉంటే ఆర్‌ఏ ఫిల్టరో, ఈఏ జాలీయో మూసుకుపోయి ఉంటుంది. బయటికి పోయే చల్లగాలి తగ్గితే వచ్చే గాలిని చల్లబరిచేది ఉండదు. అవి శుభ్రంగా ఉంటే డక్టులు తారుమారయ్యాయేమో చూడండి.

సమస్య: వాసన

జనరేటర్ పెట్టగానే పొగ వాసన వస్తే యూనిట్‌ని వెంటనే ఆపి గది ఖాళీ చేయించండి. అందులోని కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, అది ప్రాణం తీస్తుంది. ఓఏ మూతిని పొగ గొట్టానికి దూరంగా, వేరే గోడకు మార్చేదాకా నడపొద్దు. ఓఏ, ఈఏ మూతుల మధ్య కూడా 3 మీటర్లు ఉంచండి. లేదంటే వదిలిన గాలే తిరిగొస్తుంది. వంటింటి హుడ్‌ని ఆర్‌ఏకి కలపడం పెద్ద తప్పు. నూనె జిడ్డు కోర్‌కి పడుతుంది, నిప్పంటుకునే ప్రమాదం కూడా. మరుగుదొడ్డికి వేరే ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టండి.

సమస్య: గరగర, అదురు

డక్టు మూతి దగ్గరే వంపు ఉంటే గాలి చప్పుడు చేస్తుంది. మూతి నుంచి కొంతదూరం నేరుగా పోనివ్వాలి. యూనిట్‌కీ రేకు డక్టుకీ మధ్య కాన్వాస్ ముక్క ఉంటే అదురు సాగదు.

రాడ్లు వదులైతే మాత్రం కింద ఎవర్నీ నిలబడనివ్వకండి. ఎం10 డ్రాప్-ఇన్ యాంకర్‌కి 12 మి.మీ. బిట్‌తో 40 మి.మీ. లోతు తొలిచి, దుమ్ము ఊది, సెట్టింగ్ టూల్‌తో కొట్టాలి. దుమ్ము మిగిలితే యాంకర్ పట్టు బిగుసుకోదు. ఒక్కో రాడ్‌కి రెండు నట్లు. పాత స్లాబుని సుత్తితో తట్టినప్పుడు బోలుగా మోగినా, పెచ్చులు ఊడినా అక్కడ యాంకర్ వేయకండి. బీముల మీద ఆనేలా స్టీల్ ఛానెల్ వేసి దాని నుంచి వేలాడదీయండి. ఫాల్స్ సీలింగ్ పట్టీలకి ఎప్పుడూ తగిలించకూడదు. ఎక్కించేటప్పుడు ఇద్దరుండాలి, నిచ్చెన కాదు, పరంజా కావాలి.

సమస్య: ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపే స్విచ్) పడిపోతోంది

నీళ్లు కారిన తరువాత ఇది మొదలైతే మోటారు తడిసి ఉండొచ్చు. ఆర్‌సీసీబీని మళ్లీ మళ్లీ ఎత్తకండి, ఎర్త్ తీసేసి నడపడం అసలే వద్దు. ఎలక్ట్రీషియన్ చేత ఇన్సులేషన్ కొలిపించి, అది సరిగా ఉందంటేనే కరెంటు ఇవ్వండి.